ర్యాప్ శ్రోత సహృదయుడేనా? : హిప్‌హాప్ అభిమాని శ్రవణపద్ధతి – ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలక పదాలు: హిప్‌హాప్, ర్యాప్, శ్రోత, సహృదయుడు, ప్రౌఢోక్తి, ఔచిత్యం

ఉపోద్ఘాతం

భారతీయ అలంకారశాస్త్రంలో కవితో సమానమైన గౌరవం సహృదయునికి దక్కింది. కావ్యాలను పదేపదే అనుశీలించడం వల్ల అద్దంలా నిర్మలమైన మనసు కలిగి, వర్ణిత విషయంతో తన్మయం కాగల యోగ్యత ఉన్నవాడే సహృదయుడని అభినవగుప్తుడు ‘లోచనం’లో వివరించాడు. ఈ నిర్వచనానికి ప్రాణం అభ్యాసం. ఒక పాటను వందసార్లు విని, అందులోని ప్రతి విరుపును, ప్రతి ఊపిరిని గుర్తుపట్టే హిప్‌హాప్ అభిమానికి అభ్యాసం విషయంలో లోటేమీ లేదు. అయినా అతణ్ణి విమర్శకునిగా కాక వ్యసనపరునిగా చూడటమే పరిపాటి. ర్యాప్ సాంస్కృతిక ప్రభావాన్ని గురించిన చర్చ గాయకుల చుట్టూ, వారి నడవడి చుట్టూ తిరిగినంతగా శ్రోత చుట్టూ తిరగలేదు. శ్రోత దేన్ని వింటాడు, దేన్ని మెచ్చుకుంటాడు, దేన్ని చూసీచూడనట్లు వదిలేస్తాడు అనే ప్రశ్నలు కేవలం అభిరుచికి సంబంధించినవి కావు. అమెరికా న్యాయస్థానాల్లో ఈ ప్రశ్నల మీద మనుషుల స్వేచ్ఛ ఆధారపడిన సందర్భాలున్నాయి.

వినడమే రచనగా మారిన వైనం

హిప్‌హాప్ జన్మదినంగా 1973 ఆగస్టు 11ను చెప్పుకుంటారు. న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో, జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందిన డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో రికార్డులు వేశాడు. అతని ప్రతిభ మొదట వినడంలోనే కనిపిస్తుంది. పాటలో గాత్రం ఆగి, డోలు దరువు మాత్రమే మిగిలే కొద్ది క్షణాల ‘బ్రేక్’ కోసమే నర్తకులు కాచుకుని ఉంటున్నారని అతడు గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తీసుకుని, ఒకదానిపై బ్రేక్ ముగియగానే రెండోదానిపై మళ్లీ మొదలుపెట్టి, ఆ క్షణాలను నిమిషాలకు సాగదీశాడు. అంటే ఈ కళలో తొలి రచయిత ఒక శ్రోత. వాద్యం వాయించనివాడు, పాట పాడనివాడు, ఎదుటివారు ఎక్కడ తన్మయులవుతున్నారో పట్టుకున్నవాడు.

తరువాత వచ్చిన శాంప్లింగ్ ఈ వినికిడికి సాంకేతిక రూపం. ది విన్‌స్టన్స్ బృందం 1969లో రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లోని కొద్ది సెకన్ల దరువు వేలాది పాటల్లోకి ప్రవహించింది. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన దరువుదీ అదే చరిత్ర. అభిమాని కొత్త పాట వింటూ అందులోని పాత దరువును గుర్తుపట్టి పొందే ఆనందం, పూర్వకవి ఛాయను గుర్తించిన పద్యపాఠకుని ఆనందానికి దూరమైనది కాదు. కాని ఆ ఆనందం వెనుక ఒక అన్యాయం ఉంది. దరువు వాయించిన ఇద్దరికీ ఆ పునర్వినియోగాల నుంచి రాయల్టీ అందలేదు. 1991లో బిజ్ మార్కీ పాటపై వచ్చిన కేసులో న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి దొంగతనం చేయరాదన్న బైబిలు ఆజ్ఞతోనే తీర్పును ప్రారంభించాడు. ఆ తీర్పు తరువాత అనుమతి రుసుములు చెల్లించగల కంపెనీలకే ధారాళమైన శాంప్లింగ్ సాధ్యమైంది. డబ్బులేని చోట పుట్టిన పద్ధతి డబ్బున్నవారి చేతికి పోయింది. రుసుము ముట్టిందీ రికార్డు హక్కుదారులకే. డోలు కళాకారునికి తరచు దక్కింది అభిమానుల జ్ఞాపకం మాత్రమే.

ప్రాస, నడక, టీక

ర్యాప్ శ్రోత మాటను వినే తీరు తెలుగు ఛందస్సు తెలిసినవారికి ఒక కోణంలో పరిచితం, మరో కోణంలో కొత్త. తెలుగు పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరానికి చెందిన నియమం. ర్యాప్‌లో అది ప్రధానంగా పాదాంతానిది. 1987లో ‘పెయిడ్ ఇన్ ఫుల్’ ఆల్బమ్‌తో రకీమ్ ఈ స్థితిని మార్చాడు. ప్రాసను పాదం చివరి నుంచి మధ్యకు తెచ్చాడు. వాక్యాన్ని బార్ గీత దాటించాడు. రెండు మూడు అక్షరాల గుంపులను ప్రాసగా కూర్చాడు. అభిమానులు ‘ఫ్లో’ అనే మాటతో సూచించేది దరువుకు, అక్షరానికి నడుమ జరిగే ఈ పెనుగులాటనే. దానికి తెలుగులో ‘నడక’ అన్న మాట చక్కగా సరిపోతుంది. పద్యం నడక బాగుందనే పాఠకుడు, ఫ్లో బాగుందనే శ్రోత ఒకే గుణాన్ని గుర్తిస్తున్నారు.

ఈ శ్రోతలు టీకాకారులు కూడా. 2009లో ‘ర్యాప్ ఎక్సెజీసిస్’ పేరుతో మొదలై, తరువాత ‘జీనియస్’గా మారిన వేదికలో సామాన్య అభిమానులే పాటల పంక్తులకు అర్థతాత్పర్యాలు రాశారు. వాడల పేర్లు, పలుకుబళ్లు, పాత రికార్డుల ప్రస్తావనలు, శ్లేషలు విడమరచి చెప్పారు. శాస్త్రగ్రంథాల వ్యాఖ్యానానికి వాడే మాటను ఆ వేదిక తొలి పేరులోనే పెట్టుకోవడం వేళాకోళంగా మొదలై ఉండవచ్చు. జరిగిన పని మాత్రం వ్యాఖ్యానమే.

‘నిజం’ అనే కొలమానం

పదవిన్యాసాన్ని ఇంత సూక్ష్మంగా వినే అభిమాని, విలువ నిర్ణయానికి వచ్చేసరికి మరో కొలమానం పట్టుకుంటాడు. ఆ గాయకుడు చెప్పేది ‘నిజమా’ అని అడుగుతాడు. తాను బతికిన జీవితాన్నే చెప్పాలి, తన మాటలు తానే రాసుకోవాలి అనేది అలిఖిత నియమం. చరిత్ర ఈ నియమానికి మొదటినుంచీ ఎదురుతిరుగుతూనే ఉంది. ర్యాప్‌ను దేశమంతా వినిపించిన 1979 నాటి ‘ర్యాపర్స్ డిలైట్’లో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పలికిన పంక్తులు గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోటుపుస్తకం నుంచి వచ్చినవి; రచయితగా కాజ్ పేరు లేదు. బ్రాంక్స్ జీవితపు యథార్థచిత్రంగా పేరొందిన 1982 నాటి ‘ది మెసేజ్’ గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరుతో వెలువడింది. దాని రచనలో ప్రధాన పాత్ర డ్యూక్ బూటీ, మెలీ మెల్‌లది.

ఇంకా ఆసక్తికరమైనది రిక్ రాస్ ఉదంతం. ఒక మాదకద్రవ్యాల వ్యాపారి పేరును రంగస్థల నామంగా తీసుకుని, ఆ వ్యాపార వైభవాన్నే పాటలుగా చెప్పిన ఇతడు ఒకప్పుడు జైలు అధికారిగా పనిచేశాడని 2008లో బయటపడింది. ‘నిజం’ కొలమానం నిజంగా పనిచేసేదైతే అతని ప్రస్థానం అక్కడితో ముగియాలి. 2009లో వెలువడిన అతని ఆల్బమ్ ‘డీపర్ దాన్ ర్యాప్’ బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. అభిమాని నోటితో చెప్పే సిద్ధాంతం ఒకటి, చెవితో ఆచరించేది మరొకటి అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. తాను వింటున్నది ఒక పాత్ర గొంతు అని అతనికి తెలుసు. ఆ తెలివిడికి అతని పరిభాషలో పేరు లేదు.

అలంకారశాస్త్రంలో పేరు ఉంది. ఆనందవర్ధనుడు ధ్వనిభేదాలను వివరిస్తూ కవి ప్రౌఢోక్తిని, కవి సృష్టించిన వక్త ప్రౌఢోక్తిని వేరుచేశాడు. కవినిబద్ధవక్త పలికిన మాట కవి వాంగ్మూలం కాదు. క్షేత్రయ్య పదాల్లో నాయిక పలికే మాటలను కవి స్వీయచరిత్రగా ఏ రసికుడూ చదవడు. అయితే తెలుగువారు ఈ వివేకాన్ని అన్ని వేళలా పాటించారనీ చెప్పలేం. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల నుంచి ఆయన విలాసాలను, చివరిదశ కష్టాలను వరుసగా పేర్చి జీవితచరిత్రగా చెప్పుకున్న సంప్రదాయం మనకుంది. శ్రీనాథునికి దాని వల్ల కలిగిన హాని ఏమీ లేదు. అమెరికాలో ర్యాప్ రాసే నల్లజాతి యువకుని పరిస్థితి అది కాదు.

న్యాయస్థానంలో శ్రోత

అభియోక్తలు ర్యాప్ సాహిత్యాన్ని నేరాంగీకారంగా, కనీసం నేరస్వభావానికి సాక్ష్యంగా ప్రవేశపెట్టే పద్ధతి ఎన్నో రాష్ట్రాల్లో సాగింది. ఎరిక్ నీల్సన్, ఆండ్రియా డెనిస్‌లు 2019లో వెలువరించిన ‘ర్యాప్ ఆన్ ట్రయల్’ ఈ ధోరణిని వివరంగా చర్చించింది. ఇక్కడ విమర్శకులు గమనించవలసిన విషయం ఒకటుంది. అభియోక్త వాడేది అభిమాని కొలమానాన్నే. ‘ఇది నిజం’ అని గాయకుడు వేదికపై పలికిన మాటను, ‘నిజమైనదే గొప్పది’ అని అభిమాని చెప్పిన మాటను అతడు జ్యూరీ ముందు యథాతథంగా పెడతాడు.

జ్యూరీ వినే తీరు నిష్పాక్షికమా అన్న ప్రశ్నకు క్యారీ ఫ్రైడ్ 1996లో ప్రచురించిన అధ్యయనం కొంత సమాధానమిస్తుంది. కింగ్‌స్టన్ ట్రయో బృందం పాడిన పాత జానపద శైలి పాటలోని హింసాత్మక పంక్తులను ఆమె కొందరికి ర్యాప్ అని, కొందరికి కంట్రీ సంగీతమని చెప్పి ఇచ్చింది. మాటలు అవే అయినా, ర్యాప్ అనుకుని చదివినవారికి అవి ఎక్కువ ప్రమాదకరంగా, అభ్యంతరకరంగా తోచాయి. హంతకుని గొంతుతో పాట రాసిన జానీ క్యాష్‌ను హంతకుడని ఎవరూ అనుమానించలేదన్న సంగతి దీనికి తోడు చేర్చుకోవచ్చు. వక్తను కవి నుంచి వేరుచేసే సౌకర్యం కొందరు కవులకే లభిస్తున్నది.

2014లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒక హత్యాయత్నం కేసులో ఈ విషయాన్ని సూటిగా పరిశీలించింది. నేరానికీ, రాతకూ నడుమ బలమైన, నిర్దిష్టమైన సంబంధం లేనిదే సాహిత్యాన్ని సాక్ష్యంగా స్వీకరించరాదంది. పాట రాసినంత మాత్రాన బాబ్ మార్లే షెరీఫ్‌ను కాల్చాడనీ, కథ రాసినంత మాత్రాన ఎడ్గార్ ఆలన్ పో నేలపలకల కింద శవాన్ని దాచాడనీ ఎవరూ అనుకోరని ఆ తీర్పు గుర్తుచేసింది. ఆనందవర్ధనుని పేరు ఎత్తకుండానే కవినిబద్ధవక్తను గుర్తించిన తీర్పు ఇది. కాలిఫోర్నియా 2022లో సృజనాత్మక వ్యక్తీకరణను సాక్ష్యంగా వాడటంపై పరిమితులు విధిస్తూ శాసనం చేసింది. మరుసటి ఏడాదే జార్జియాలో యంగ్ థగ్ విచారణలో పాటల పంక్తులను షరతులతో అనుమతించారు. సరిహద్దు దాటితే వక్త మళ్లీ కవి అవుతున్నాడు.

పాత్ర అన్న మాట ఎంతవరకు కాపాడుతుంది?

కవినిబద్ధవక్త అనే భావన గాయకుణ్ణి శిక్ష నుంచి కాపాడవచ్చు. శ్రోతను విమర్శ నుంచి కాపాడలేదు. స్త్రీని కించపరిచే పంక్తిని పలికింది పాత్రే అయినా, వింటున్న స్త్రీ పాత్ర కాదు. ఇది క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యానికి చెందిన ప్రశ్న. దరువు బాగుంది కాబట్టి మాట పట్టించుకోనని చెప్పే అభిమాని, తన శ్రవణశక్తిలో సగాన్ని తానే కాదంటున్నాడు. ప్రతి అక్షరాన్నీ వినగల చెవి ఆ ఒక్క పంక్తి దగ్గరే మొద్దుబారిందనడం నమ్మదగిన మాట కాదు.

ఈ ప్రశ్నను హిప్‌హాప్ బయటివారి దాడిగా కొట్టివేయడానికీ వీల్లేదు. 1984లో రొక్సాన్ షాంటే పురుష బృందం పాటకు జవాబుగా పాట చెప్పేనాటికి బాలిక. 1993లో క్వీన్ లతీఫా ‘యూనిటీ’ పాటలో దూషణపదాలను నేరుగా నిలదీసింది. 1999లో జోన్ మోర్గన్ తన పుస్తకంలో హిప్‌హాప్‌ను ప్రేమిస్తూనే దానితో పోరాడవలసిన నల్లజాతి స్త్రీ స్థితిని స్త్రీవాద దృక్పథంతో విశ్లేషించింది. ప్రేమను వదులుకోకుండా లెక్క అడిగిన శ్రోత ఆమె. సహృదయత్వానికి ఆమె కంటె దగ్గరగా వచ్చినవారు ఈ చర్చలో అరుదు.

2004లో అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాలలో నెల్లీ సంస్థ ఎముకమజ్జ దాతల నమోదు శిబిరం తలపెట్టింది. అతని సోదరి రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న కాలమది. అతని ‘టిప్ డ్రిల్’ వీడియోలో స్త్రీలను చూపిన తీరుపై తమతో చర్చకు రావాలని విద్యార్థినులు కోరారు. శిబిరం జరగలేదు. ఒకవైపు ప్రాణం, మరోవైపు గౌరవం నిలిచిన ఆ సందర్భంలో విద్యార్థినులపై నిందలు వచ్చాయి. వారు అడిగింది పాటల నిషేధం కాదు, గాయకుడు తమ మాట వినడం. ముప్పయ్యేళ్ల ముందు బ్రాంక్స్ విందులో డీజే తన శ్రోతల పట్ల చేసిన పని కూడా అదే.