డస్టే మన టీ

తిరుత్తణిలో టీ తోటలు లేవు. ఈ చుట్టుపక్కల పండేది చెరకూ వరీ. తిరువలంగాడులో చక్కెర మిల్లు ఉంది కాబట్టి గ్లాసులో పడే చక్కెర మన పొలాలది కావచ్చు. టీపొడి మాత్రం ఎక్కువగా నీలగిరి నుంచో వాల్పారై నుంచో కొండ దిగి రావాల్సిందే.

అలా దిగి వచ్చేది చాలావరకు డస్టు. పేరు విని, మంచిదంతా ఎగుమతి చేసి మిగిలిన తుక్కు మనకు పోస్తున్నారనుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది నిజం కాదు. కోసిన ఆకును గంటల తరబడి వాడబెట్టి, పళ్లున్న సీటీసీ రోలర్ల మధ్య నలిపి, గాలికి ఎర్రబడనిచ్చి, ఎండించి జల్లెడ పడతారు. అన్నిటికన్నా సన్నగా దిగేదే డస్టు. తేడా నలుసు సైజులోనే. నలుసు సన్నబడేకొద్దీ రంగూ చిక్కదనమూ తొందరగా దిగుతాయి, పాలు ఎన్ని పోసినా రుచి నిలబడుతుంది.

ఆ గుణం లేకపోతే మన టీ అంగడే లేదు. ఆడికృత్తిక పండగకు కావళ్లు మోసి తిరుత్తణి కొండ దిగే జనం "మాస్టరూ, స్ట్రాంగ్‌గా ఒకటి, చక్కెర తక్కువ" అని తెలుగులోనూ అరవంలోనూ కేకేస్తుంటే, ఆకు నానేదాకా ఎవరాగుతారు? మాస్టరు గుడ్డ సంచిలో పొడి వేసి, బాయిలరు నీళ్లు పట్టి, చిక్కటి డికాషన్ దించుతాడు. వేడిపాలలో కలిపి, చెయ్యి పైకెత్తి మగ్గులోంచి గ్లాసులోకి పోస్తే నురుగు కట్టుకుని వస్తుంది.

ఎగుమతినే నమ్ముకుంటే ఏమవుతుందో నీలగిరి చూసింది. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో పెద్ద కొనుగోలుదారు పోయాడు. తర్వాతి ఏళ్లలో పచ్చాకు ధర పడిపోయి, ఎకరా రెండెకరాల రైతులు నలిగిపోయారు. కిలో టీపొడికి నాలుగు కిలోలకు పైగా పచ్చాకు కావాలి మరి. 1963 నుంచి సాగుతున్న కూనూరు టీ వేలానికి ఇప్పుడు ఆసరా మనలాంటి గ్లాసు టీ జనమే. దేశంలో ఏటా సుమారు 130 కోట్ల కిలోల టీ తయారైతే, దాదాపు ఐదింట నాలుగు వంతులు ఇక్కడే తాగేస్తున్నాం.

అంత పెద్ద గిరాకీ మనదైనప్పుడు బేరం కూడా గట్టిగానే ఉండాలి. రంగు కలిపిన పొడి బజారులో దొరుకుతూనే ఉంది. వడపోత కాగితం మీద చిటికెడు పొడి చల్లి తడిపి, కొళాయి కింద కడిగి చూడండి. మరక మిగిలితే ఆ పొట్లం వెనక్కి ఇచ్చేయండి. పరదేశపు వ్యాపారి నమూనా రుచి చూడనిదే పెట్టె కొనడు. మనమెందుకు కొనాలి?