కొట్లాట ఇంట్లోనే ఉంది

మన పిల్లలు రాస్తున్న కథలు మేము ఇష్టంగా చదువుతాం. కానీ వాటిలో కుటుంబమంతా ఒకే మనిషిలా ఉంటుంది. తల్లి ఏడుస్తుంది, తండ్రి కష్టపడతాడు లేదా తాగుతాడు, కొడుకు చదువుకుంటాడు. చెడ్డవాళ్లందరూ బయటే: షావుకారు, ఫారెస్టు గార్డు, పట్నం. బయటి అన్యాయం నిజమే, రాయాల్సిందే. ఇంట్లోవాళ్ల మధ్య ఏ పేచీ లేకపోతే మాత్రం ఆ కథ కలెక్టరుకు పెట్టుకున్న అర్జీలా ఉంటుంది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కూడా అప్పు కథే. అప్పల్రాముడు పెద్దల మాటకు కట్టుబడి అప్పు ఒప్పుకుంటాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోడు. ఆ అప్పుకు తన బిడ్డ బానిస కాకూడదని ఆ బిడ్డనే చంపేస్తాడు. మాట నిలబెట్టుకోవాలనుకున్న తండ్రిది తప్పా? కొడుకుదా? దశాబ్దాలుగా పాఠకులు వాదించుకుంటూనే ఉన్నారు. ఇద్దరికీ వాళ్ల కారణాలు ఉన్నాయి గనుకనే ఆ వాదన తెగదు.

అలాంటి అప్పు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లోనూ ఉంది. డీఎస్సీ కోచింగుకు వచ్చిన ఒక తమ్ముణ్ణి అనుకోండి. తండ్రి ఎడ్లు అమ్మాడు. చెల్లె ఇంటర్ మానేసి పత్తి ఏరుతోంది. అన్న ఎల్బీనగర్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. మెట్రోలో మూడో స్టేషనే, అయినా తమ్ముడు ఆదివారం కూడా అన్న ఇంటికి పోడు. ఎందుకు పోడు? కథ అక్కడుంది. అన్న రిజల్టు గురించి ఒక్క మాటా అడగకుండా ఐదు వందలు జేబులో పెడతాడు. ఆ అడగకపోవడమే బరువు. వదిన కోపం ఆ ఐదు వందల మీదనే అని రాసేస్తారు మనవాళ్లు. తన బిడ్డను ఏ బడిలో వేయాలో అడిగితే సరిగ్గా పలకని మరిది మీద ఆమెకు కోపం ఉండకూడదా?

భాష కూడా ఇంటి సంగతే. రూమ్మేట్లు వింటున్నారని కొడుకు ఫోన్‌లో 'యాడీ' అనకుండా 'అమ్మా' అంటాడు. అవతల తల్లి ఒక్క క్షణం ఆగి, తానూ వచ్చీరాని తెలుగులోకి మారుతుంది. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

రమేశ్ కార్తీక్ నాయక్‌కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెచ్చిన కథల పుస్తకం పేరు 'ఢావ్లో'. అత్తగారింటికి పోయే బంజారా పిల్ల పుట్టింటివాళ్లను పట్టుకొని ఏడుస్తూ పాడేది ఢావ్లో. అందులో ప్రేమా ఉంటుంది, నన్ను పంపించేస్తున్నారనే నిష్ఠూరమూ ఉంటుంది. రెండూ ఒకే గొంతులో వినిపించడం మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

తండాల్లో ఒకప్పుడు పెళ్లికొడుకువాళ్లే పిల్లవాళ్లకు ఇచ్చుకునేవాళ్లు. ఇప్పుడు కట్నం వచ్చింది. అక్క పెళ్లి అప్పు తీర్చడానికి ఉద్యోగం వచ్చిన తమ్ముడి కట్నం లెక్కేసే తండ్రిని దుర్మార్గుడిగా రాయడం తేలిక. ఆయన రాత్రి కూర్చొని లెక్క వేసుకున్న కాగితాన్ని రాయండి. ఆ కాగితం చూసి తమ్ముడు ఏమన్నాడో, అక్క ఏమన్నదో మేము చదివిన కథల్లో ఇంకా ఎవరూ రాయలేదు.