అడుగు మూత తీసి చూస్తే

అత్వెల్లి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కొంపల్లి, బోయిన్‌పల్లి దాటి ప్యారడైజ్ దగ్గర దిగితే, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది. కంప్యూటర్ దుకాణాల ఈ సముదాయాన్ని అందరూ సీటీసీ అంటారు. కండ్లకోయ, మైసమ్మగూడ వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లల గేమింగ్ ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తే వెతుక్కుంటూ వెళ్లేది ఇలాంటి చోటికే. అడిగేది కూడా ఒకటే. దీనికే ఏదైనా వేయించాలా, అమ్మేసి కొత్తది కొనాలా? ఆ సంగతి కౌంటర్ దగ్గర తేలదు. ల్యాప్‌టాప్‌ను బోర్లించి అడుగు మూత తీస్తే తేలుతుంది.

నమూనాగా 2020, 21లలో బాగా వాడుకలోకి వచ్చిన రకం ఒకటి తీసుకుందాం. ఇంటెల్ ఐ5-10300హెచ్ ప్రాసెసర్, ఎన్విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్, ఒకే ముక్కగా 8 జీబీ ర్యామ్. మూతకున్న స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే లోపలి ప్లాస్టిక్ పగలొచ్చు. అందుకే చేయి తిరిగిన మెకానిక్ కాగితం మీద మూత ఆకారం గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడ తీశాడో అక్కడే పెట్టుకుంటాడు. పలుచటి ప్లాస్టిక్ పిక్‌తో అంచు వెంబడి కొక్కేలు ఒక్కొక్కటే వదిలిస్తాడు. మూత రాగానే బోర్డు నుంచి బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తాడు. అది చేయకుండా లోపల వేలు పెట్టే మనిషి చేతికి ల్యాప్‌టాప్ ఇవ్వకండి.

ముందుగా కంటపడేది ర్యామ్. ఏడు సెంటీమీటర్లు కూడా లేని చిన్న పలక. దాని అంచున బంగారు పూత పూసిన 260 కాంటాక్టులు, వాటి మధ్య ఒక గాడి. ఆ గాడి సరిగ్గా నడిమధ్యన ఉండదు కాబట్టి ఎంత తొందరపడినా పలకను తిరగేసి దూర్చలేం. డీడీఆర్5 పలకకు గాడి మరోచోట ఉంటుంది, కాంటాక్టులు 262. అది డీడీఆర్4 స్లాటులో కూర్చోదు. మనిషి చేయబోయే పొరపాటును ఆకారంతోనే అడ్డుకున్నారన్నమాట. ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా కొక్కేలు టిక్కుమని పట్టేస్తాయి.

పక్కన రెండో స్లాటు ఖాళీగా ఉంటే సంతోషించాలి. ఒక్కో పలకకూ ప్రాసెసర్‌కూ మధ్య 64 బిట్ల వెడల్పు దారి ఉంటుంది. ఈ ప్రాసెసర్ అలాంటి దారులు రెండింటిని వాడుకోగలదు. 2933 వేగంతో నడిచే డీడీఆర్4 పలక ఒక్కటే ఉంటే సెకనుకు 23 జీబీ పైచిలుకు కదులుతుంది. జోడీ పడితే అది రెట్టింపు. ఆటలో ఈ తేడా సగటు ఫ్రేముల లెక్కలో కన్నా, ఉన్నట్టుండి పట్టేసినట్టు ఆగే కుదుపులు తగ్గడంలో ముందు తెలుస్తుంది. ధర మాత్రం ఇప్పుడు చేదు కబురే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమరీ ధరలు ఎగబాకాయి. క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్, ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. పరీక్షించి ఇస్తే సెకండ్ హ్యాండ్ డీడీఆర్4 ముక్క వేయించుకోవడంలో తప్పేమీ లేదు.

ఎస్‌ఎస్‌డీ సంగతి ఇంకా సులువు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, చివర ఒకే ఒక స్క్రూ. పాత హార్డ్ డిస్క్ ఇంకా తిరుగుతుంటే ముందు దాన్ని మార్చండి, వాదనే లేదు.

నాకు ఎంతసేపు చూసినా తనివి తీరనిది వేడిని బయటికి పంపే ఏర్పాటు. ప్రాసెసర్‌కు 45 వాట్లు, గ్రాఫిక్స్‌కు 50 వాట్లు. వేలెడు మందం లేని పెట్టెలో దాదాపు వంద వాట్ల వేడి పుడుతుంది. దాన్ని మోసేవి చదును చేసిన రాగి గొట్టాలు. చూడ్డానికి గట్టి కడ్డీల్లా ఉన్నా లోపల బోలు. గొట్టం లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికించిన పొర ఉంటుంది. గాలి లాగేసి, కొద్దిగా నీరు ఉంచి, రెండు కొసలూ మూసేస్తారు. లోపల గాలి ఒత్తిడి లేదు కాబట్టి నీరు వంద డిగ్రీల దాకా ఆగదు, చాలా తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఆవిరి చల్లని కొసకు పరుగెత్తి, అక్కడి రెక్కలకు వేడి ఇచ్చేసి మళ్లీ నీరవుతుంది. దీపపు వత్తి నూనెను లాగినట్టు రాగి పొర ఆ నీటిని తిరిగి చిప్పు దగ్గరికి లాగుతుంది. మోటారు లేదు, పంపు లేదు. జనరల్ మోటార్స్ ఇంజినీరు రిచర్డ్ గాగ్లర్ 1940లలోనే దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ సొంతంగా మళ్లీ కనిపెట్టాకే వెలుగులోకి వచ్చింది. ఉపగ్రహాల్లో వాడిన ఉపాయమే ఇవాళ హాస్టల్ గదిలో వాలరెంట్ ఆడే కుర్రాడి బల్ల మీదా పనిచేస్తోంది.

ఈ గొట్టం సాధారణంగా అరగదు, తరగదు. అయినా మెషీన్ కాలిపోతోందంటే చూడాల్సిన చోట్లు రెండు. ఒకటి ఫ్యానుకూ రెక్కలకూ మధ్య సందు. హైవే దుమ్ము, దుప్పటి నూగు కలిసి అక్కడ తెరలా పేరుకుంటాయి. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది మళ్లీ లోపలికే పోతుంది. ఫ్యాను విప్పి తీయాల్సిందే. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే హద్దు మీరి తిరిగి బేరింగ్ పోతుంది. రెండోది చిప్పుకూ రాగికీ మధ్యనున్న పేస్ట్. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోహం సాగి ముడుచుకుంటూ, పేస్ట్‌ను నడిమి నుంచి అంచులకు నెట్టేస్తుంది. వేడి ఎక్కువ పుట్టే చోటే పొర పలచబడుతుంది.

హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు అచ్చొత్తి ఉంటాయి. అలంకారానికి కాదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద డెస్క్‌టాప్‌లో లాగా లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా రాగిని తాకుతుంది. ఒక పక్కే బిగించేస్తే మూల చిట్లొచ్చు. అందుకని అంకెల వరసలో కొంచెం కొంచెంగా బిగిస్తూ పోవాలి. చాలా మోడళ్లలో స్ప్రింగు పట్టీలు ఒత్తిడిని అన్ని మూలలకూ సమంగా పంచుతాయి.

ఈ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెలలో గది గాలే 40 డిగ్రీలుంటే, ఏసీ గదితో పోల్చితే పదిహేను డిగ్రీల వెసులుబాటు ముందే పోయినట్టు. ముసలిదైపోయిందని అమ్మకానికి పెట్టిన ల్యాప్‌టాప్‌లలో ఊపిరాడనివి ఎన్నో ఉంటాయని నా అనుమానం.

హీట్‌సింక్ తీశాక కనిపించేది బోర్డు. మార్చగలిగేవీ మార్చలేనివీ ఇక్కడ విడిపోతాయి. ఈ ప్రాసెసర్ అడుగున 1440 సోల్డర్ గుళ్లు ఉంటాయి, అన్నీ బోర్డుకు అతుక్కుని. గ్రాఫిక్స్ చిప్పు కూడా అంతే. దాని చుట్టూ ఆనుకుని నాలుగు మెమరీ చిప్పులు, ఒక్కోటి ఒక్కో జీబీ. వాటి మధ్య రాగి గీతలు కొన్నిచోట్ల తిన్నగా పోకుండా పాములా మెలికలు తిరుగుతాయి. పొట్టి గీతను అలా పొడిగించి పొడవు గీతతో సమం చేస్తారు, అన్ని సంకేతాలూ ఒకే క్షణంలో చేరాలని. సెకనుకు కనీసం 128 జీబీ పారే దారి అది. ఈ వేగానికి స్లాటు పెట్టి మధ్యలో కనెక్టర్ దూర్చడం కష్టం కాబట్టే అతికించేశారు. పోనీ చిప్పు పీకి కొత్త తరంది పెట్టిద్దామంటే, కరెంటు సరఫరా, బయోస్, హీట్‌సింక్ అన్నీ పాతదాని కొలతకు కట్టినవే. చిప్ లెవల్ పనివాళ్లు మైక్రోస్కోపు కింద షార్టయిన కెపాసిటర్‌ను పట్టుకోగలరు, చిప్పు కింద సోల్డర్ గుళ్లు మళ్లీ వేసి రీబాలింగ్ చేయగలరు. పాత ప్రాణం నిలబెడతారు గాని కొత్త తరం చేయలేరు. ఫ్రేమ్‌వర్క్ 16 వంటి ఒకటి రెండు ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ భాగం ఊడదీసి మార్చుకోవచ్చు. అది మినహాయింపు.

అందువల్ల నా లెక్క ఇది. ముందు సర్వీసింగ్, తర్వాత జోడీ ర్యామ్, చోటు చాలకపోతే ఎస్‌ఎస్‌డీ. వాలరెంట్, జీటీఏ 5 లాంటివి ఆడేవాళ్లకు ఈ నమూనా మెషీన్ దాంతో సరిపోతుంది. బ్యాటరీ ఉబ్బితే మాత్రం దాన్ని మార్చడం మరుసటి రోజుకు కూడా వాయిదా వేయకూడదు. కొత్త పెద్ద ఆటల్లో 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ నిండిపోతోందంటే ర్యామ్ ఎంత వేసినా ఆ కొరత తీరదు. 2017 నాటి ఐ5-7300హెచ్‌క్యూ మెషీన్లది మరో చిక్కు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విండోస్ 11 జాబితాలో ఆ ప్రాసెసర్ లేదు. ఈ రెండు సందర్భాల్లో మార్చేయడమే మేలు. మదర్‌బోర్డు పోయి, మార్పిడి ఖర్చు పాత ల్యాప్‌టాప్ ధరను దాటినా అంతే.

కొత్తది కొనేటప్పుడు గ్రాఫిక్స్ పేరొక్కటే చూడకండి. ఆర్‌టీఎక్స్ 3060 అన్న ఒకే పేరుతో 60 వాట్లవీ ఉన్నాయి, 115 వాట్లవీ ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఆ మోడల్ అడుగు మూత తీసిన వీడియో ఒకటి చూడండి. రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎస్‌ఎస్‌డీ స్లాట్లు కనిపించకపోతే ఇంకో మోడల్ చూసుకోండి.