నోరున్న బొంతదే రాజ్యం

ఓ బొంత చేపా! రాతి సందు గుమ్మంలో కదలక మెదలక కొలువుదీరే దొరా, నీకు దండం.

కానాగంతలు గుంపులు కట్టి పరుగులు తీస్తాయి. నీకు పరుగుతో పనిలేదు. రొయ్య మీసం కదులుతుంది, నీ మొప్పలు ఉబ్బుతాయి, నోరు గొట్టంలా ముందుకు సాగుతుంది. నీళ్లతో పాటు రొయ్యా లోపలికి! నీళ్లు మొప్పల గుండా బయటికొస్తాయి, రొయ్య రాదు. అంతా రెప్పపాటులో. అదే నోట్లోకి పురుగులేరే వేలెడంత చేప దూరితే మాత్రం దవడ తెరుచుకుని ఓపిగ్గా నిలబడతావు. ఆకలిలోనూ మర్యాద తెలిసినదానివి.

విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరాలను ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ 1803లో లండన్‌లో అచ్చువేస్తే, నీ వాళ్లు తెలుగు పేరుతోనే అందులోకెక్కారు. ఆ విశాఖలోనే కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు నారింజ చుక్కల బొంత చేత తొట్లలోనే గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచారు. ఆడగా పుట్టి, పెద్దయ్యాక కొన్ని మగగా మారే నీ జాతి గుట్టెరిగిన వాళ్ల పని అది.

ఇక, ముచ్చటపడి హాల్లో పగడాల తొట్టె కట్టి నిన్ను పిలిచేవాళ్లున్నారు. పగడాన్ని నువ్వు ముట్టవు. రొయ్యనూ పీతనూ మిగల్చవు. నువ్వు తిన్నది నీళ్లలో అమోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది, ఆ ఎరువుకు పెరిగిన పాచి పగడాన్ని కమ్మేస్తుంది. నీళ్లలోని మురికిని లాగే స్కిమ్మర్ రాత్రింబవళ్లు నురగ తోడినా నీ ఆకలితో వేగలేదు. కరెంటు పోతే ఊపిరాడక ముందు తల్లడిల్లేది పెద్ద ఒళ్లున్న నువ్వే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడి, విశాఖ రోజుల తరబడి చీకట్లో మగ్గినప్పుడు, మోటారుతో పనిలేకుండా కదిలిన నీళ్లు బంగాళాఖాతానివే!

నీ జాతిలో పెద్దన్న ఉన్నాడు, జెయింట్ గ్రూపర్. పసుపు, నలుపు మచ్చలతో పసితనంలో అరచేతిలో ఇమిడిపోతాడు. ఎదిగితే రెండున్నర మీటర్లు దాటుతాడు, 400 కిలోల దాకా తూగుతాడు. అతణ్నీ, మన సముద్రపు పగడాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. వాటిని పట్టడం, అమ్మడం నేరం.

తొట్టె కొనబోతున్న తమ్ముడూ! అంగట్లో ముద్దొచ్చే పిల్లను చూసి కాదు, రేపటి బొంతను తలుచుకుని అద్దం కొలతలు వేయించు. అది ఒళ్లు తిప్పుకునేంత చోటుందా? కరెంటు పోయిన రాత్రి దానికి గాలి అందుతుందా? ఈ రెంటికీ ఔననలేకపోతే డబ్బు దాచుకో. రుషికొండలో స్కూబా నేర్పేవాళ్లున్నారు. దాన్ని నీ ఇంటికి తెచ్చుకోకు, నువ్వే దాని ఇంటికి చుట్టంగా వెళ్లు.