గజీర్ తివాచీ: కానుకను చదవడం

యుద్ధానంతరం తమను ఆదుకున్నవారికి శరణార్థులు స్వయంగా చేసి ఇచ్చిన కానుకలను సాధారణంగా కృతజ్ఞతా చిహ్నాలుగానే చూస్తారు. ఆ చూపు ఎంతవరకు సరిపోతుందో ఒక తివాచీ ఆధారంగా పరిశీలిద్దాం.

1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో మొదలైన హత్యాకాండలో అనాథలైన ఆర్మేనియన్ బాలికలకు లెబనాన్‌లోని గజీర్‌లో అమెరికన్ సంస్థ నియర్ ఈస్ట్ రిలీఫ్ ఆశ్రయమిచ్చింది. అక్కడ వారు నేసిన ఒక తివాచీని 1925 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌కు అందజేశారు. పొడవు 18 అడుగుల 5 అంగుళాలు. వెడల్పు 11 అడుగుల 7 అంగుళాలు.

నందివెలుగు, తెనాలి ప్రాంతాల విద్యార్థులకు నేత అనగానే చీరాల మగ్గం గుర్తుకు రావచ్చు. చీర నేతలో పడుగు మధ్య నాడె పరుగెడుతుంది. తివాచీ పని వేరు. ఏలూరు తివాచీలు చూసినవారికి తెలుసు: ఊలు దారాన్ని పడుగు పోగులకు ముడివేసి, కోసి, మళ్లీ మరో ముడి వేయాలి. గజీర్ తివాచీలో అలాంటి ముడులు 44,04,206. నేసినవారు సుమారు 400 మంది. అంటే ఒక్కొక్కరికి దాదాపు 11,000 ముడులు. ముడుల లెక్క ఒక్కటి కూడా తప్పకుండా నిలిచింది. బాలికల లెక్క మాత్రం 'సుమారు'గానే మిగిలింది. విమర్శకుడు ఆగవలసిన చోటు ఇది.

ఇక చిత్రణ. ఏదెను తోటను తలపించే చెట్లు, జంతువులు. హత్యాకాండ ఛాయ ఎక్కడా లేదు. దీన్ని మరుపు అనడం తొందరపాటు. అధ్యక్షుడి గదిలో పరచవలసిన వస్తువు అది. పైగా దాతల సొమ్ముతో పిల్లలు ఒక వృత్తి నేర్చుకున్నారని చాటే నివేదిక కూడా. కృతజ్ఞత నిజమే కావచ్చు, కాని దాని రూపాన్ని పుచ్చుకునేవారి అభిరుచి కొంత నిర్ణయించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బెల్జియం స్త్రీలు అమెరికా నుంచి వచ్చిన పిండి సంచులపైనే కుట్టుపని చేసి తిరిగి పంపారు. ఎన్నో సంచులపై మిల్లు పేరు అలాగే ఉంది, దాని చుట్టూ పూలు. అక్కడ ఇచ్చినవాడి ముద్ర కనిపిస్తుంది. గజీర్ తివాచీలో అది డిజైనులో దాగి ఉంది. నా దృష్టిలో రెండోదే కష్టమైన పాఠం.

2013లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో దీన్ని ప్రదర్శించాలనుకుంటే, శ్వేతసౌధం అరువివ్వలేదు. 2014 నవంబరులో శ్వేతసౌధ సందర్శకుల కేంద్రంలో కొన్ని రోజులు ఉంచారు. అప్పుడు కూడా అమెరికా ఔదార్యానికి వివిధ దేశాలు తెలిపిన ధన్యవాదాల పేరిట, మరో రెండు కానుకల సరసన.