వింతపాటల పేటిక

పడమటి నెల్లూరు సీమలో, ఉదయగిరి ఆత్మకూరుల దిక్కున, కలువాయి యను గ్రామము గలదు. అచ్చట మా మిత్రుని యింట జరిగిన యొక పెండ్లికి పోయి రెండు దినము లుంటిమి. ఆ మిత్రున కొక వ్యసనము గలదు. ఎల్లరు నెఱిగిన పాటను ఎవ్వరు నెదురుచూడని వాద్యముమీద వాయించిన రికార్డులును, ఒక దేశపు పాటను మఱియొక దేశపు ఫణితిలో పాడిన రికార్డులును ఎచ్చట దొరకినను ఆతడు విడువక కూర్చును. పాత గ్రామఫోను పలకలు కొన్ని, కాసెట్లు కొన్ని, తక్కినవన్నియు చేతిఫోనులో నున్నవి. పెండ్లినాటి రాత్రి పెద్దలును పిల్లలును చుట్టుచేరగా ఆతడు వానిని వినిపించెను. సన్నాయిమీద హిందీ సినిమాపాట, సాక్సఫోనుమీద త్యాగరాజ కీర్తన, సితారుమీద ఆంగ్లేయుల రాక్ పాట వరుసగా వినబడెను. అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. ఇంతలో ఆ యింటి పదేండ్ల బాలిక "సన్నాయి వాయించిన దెవరు, పెదనాన్నా?" అని యడిగెను. మా మిత్రుడు జవాబు చెప్పలేకపోయెను. ఆ పాట కెదురుగా "పల్లె బాజా, వింత" యని మాత్రమే వ్రాసి యుండెను. ఆ బాలిక ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

ఒకరి పాటను మఱియొకరు తమ రీతిని మరల వినిపించుటను ఆంగ్లేయులు కవర్ అందురు. మేము వీనిని మారుపాట లనియెదము. వీనిని గూర్చి మన విద్యావంతుల యిండ్లలో రెండభిప్రాయములు గలవు. ఇది సంప్రదాయమునకు పట్టిన చీడ యని కొందఱు. ప్రొద్దుపుచ్చుటకు పనికివచ్చు తమాషా యని కొందఱు. ఈ రెండును మాకు సమ్మతములు గావు. మొదటివారు చరిత్రను మఱచుచున్నారు. రెండవవారు చెవిని నిద్రపుచ్చుచున్నారు.

చరిత్ర యెట్టిదో చూతము. ముత్తుస్వామి దీక్షితులు చెన్నపట్టణమునకు చేరువ మణలిలో నున్న కాలమున కోటలోని ఇంగ్లీషు బ్యాండు వరుసలు విని, వానికి సంస్కృతమున సాహిత్యము కూర్చెను. ఇవి నొట్టుస్వర సాహిత్యము లని పేరొందినవి. ఆంగ్లరాజుల జయగీతపు వరుసలో దేవతాస్తుతి చేసిన దొకటి వీనిలో నున్నది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆంగ్లేయునియొద్ద ఫిడేలు నేర్చి, దానిని మన సంగీతమునకు త్రిప్పెను. అన్న పరదేశపు వరుసను తెచ్చి మన మాట నిచ్చెను. తమ్ముడు పరదేశపు వాద్యమును తెచ్చి మన వరుస నిచ్చెను. నేడు మన మిత్రులు వెదకి వెదకి కూర్చు రెండు తెగల వింతలును రెండు వందల యేండ్లకు పూర్వమే ఒక్క యింట పుట్టినవి. ఇట్టి దానిని సంప్రదాయ విరుద్ధ మనుట యెట్లు?

అయినను ఆ రెండింటి గతి యొక్కటిగా లేదు. నొట్టుస్వరములను నేటికిని పిల్లలకు నేర్పుదురు. అవి ముద్దుగా నుండును. కాని కచ్చేరీలో వానికి పెద్దపీట లేదు. ఫిడేలు లేని కచ్చేరీయో నేడు మిగుల నరుదు. విజయనగరపు సంగీత కళాశాలలో నధ్యాపకులై 1936లో ప్రధానాచార్యులైన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు, పాటకు ప్రక్కవాద్యముగా నున్న ఫిడేలును స్వతంత్రముగా సభలో కూర్చుండబెట్టిరి. ఈ భేదమునకు కారణము సులభముగా కానవచ్చును. బ్యాండు వరుసలలో స్వరము స్వరమున కంటక గెంతును. దానిని గమకముతో సాగదీసిన ఆ వరుసయే చెడును. ఫిడేలునకో మెట్లు లేవు. వ్రేలు తీగపై జారినచో గొంతు పోయినచోటికెల్ల వాద్యమును పోవును. అది మన పాటకు లొంగినది. లొంగి, దాని బలమును పెంచినది.

కావున మారుపాటను పరీక్షించుటకు మాకు తోచిన మొదటి ప్రశ్న యిది: ఈ వాద్యము ఆ పాటయొక్క ప్రాణమును పట్టుకొన్నదా, లేక పైబట్టను మాత్రము తొడిగికొన్నదా?

హార్మోనియమును చూడుడు. దాని మెట్టు మెట్టునకు నడుమ నున్న నాదము దానికి దొరకదు. ఆ కారణము చెప్పియే 1940లో రేడియోవారు దానిని బహిష్కరించిరి. 1971 వఱకును ఆ కట్టడి సడలలేదు. ఆ కాలముననే మన పద్యనాటకములకు హార్మోనియమే ఊపిరి. వేయిమంది నడుమ, రాత్రి మూడవ జామున, రాగము తీయు నటునకు శ్రుతిని నిలిపి వెన్నుగాచిన దదియే. విలంబ రాగాలాపనకు చాలని వాద్యము రంగస్థల పద్యమునకు చాలినది. వాద్యమున కులభేదము లేదు. పొత్తు కుదురుట కుదురకపోవుటయే యున్నది.

మాండొలిను కథ యింకను విస్మయకరము. దానికి మెట్లు గలవు. మీటిన నాదము క్షణములో నారిపోవును. మన సంగీతమున కిది పనికిరాదని యెవరైన ననియుండిన తప్పుపట్టలేము. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్తుతో పలుకు అయిదుతీగల మాండొలినును చేపట్టి, తీగను లాగి, జార్చి, గమకమును రాబట్టెను. ఆతని గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిను వాదకులు గారు. ఆయన పాడెడివారు; శిష్యుడు దానిని తీగపై పలికించెడివాడు. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొన గోరెదము. ఆ బాలుడు వాద్యమునుండి పాటకు పోలేదు. పాటనుండి వాద్యమునకు వచ్చెను. 2014లో నలువదియైదవ యేట ఆతడు మరణించునప్పటికి మాండొలినును వింత యనువారు లేకపోయిరి.

ఇపుడు మా మిత్రుని పేటికలోని విదేశపు సరకును తూతము. 1968లో వెండీ కార్లోస్ మూగ్ అను విద్యుద్వాద్యముపై జర్మను విద్వాంసుడు బాఖ్ రచనలను వాయించి యొక రికార్డు వెలువరించెను. బాఖ్ సంగీతమున రెండు మూడు వరుసలు జడపాయలవలె నల్లుకొని పోవును. ఒక్కొక్క పాయకు ఒక్కొక్క వన్నె నాదము నిచ్చుటచే ఆ యల్లిక విప్పి చూపినట్లు వినబడును. మూలమును మునుపు వినినవాడును దీనివలన క్రొత్తగా నేర్చుకొనును. 1970లో ఆనందశంకర్ సితారుపై వినిపించిన ఆంగ్ల రాక్ పాట అట్టిది గాదు. మొదటిమాఱు ఉల్లాసముగా నుండును. మూడవమాఱు వినునప్పటికి సితారు ఆ పాట పల్లవిని అప్పగించుచున్నదే కాని, సితారు మాత్రమే చెప్పగలిగిన మాట నేదియు చెప్పుట లేదని మాకు తోచినది. నవ్వు ముగిసిన పిమ్మట మిగులున దేమి? ఇది మా రెండవ ప్రశ్న.

మూడవ ప్రశ్న ఆ బాలికది: వాయించిన దెవరు?

మా మిత్రుని పట్టికలో కార్లోస్ పేరున్నది, ఆనందశంకర్ పేరున్నది, వారి రికార్డుల సంవత్సరములును ఉన్నవి. మన పల్లెల సన్నాయివారికి, బ్యాండువారికి పేర్లు లేవు. ఇది మఱపు మాత్రమే యని మేము నమ్మజాలము. వీరు మన పెండ్లిండ్లలో తెల్లవాఱక మునుపే లేచి వాయింతురు. తలంబ్రాల వేళ కీర్తనయు, ఊరేగింపున సినిమాపాటయు కోరినంతసేపు వినిపింతురు. భోజనమునకు మాత్రము కడపటి బంతిలో కూర్చుందురు. ఊపిరితో పలుకు సన్నాయిపై సినిమాగాయకుని గొంతులోని వంపును దింపుట యెంత సాధనవలన వచ్చునో మన మాలోచింపము. సంగీతమును పూజించుచు సంగీతకారుని జాతినిబట్టి దూరముంచు మన పాత యలవాటే పట్టికలో ఖాళీగడియై నిలిచినది. ఒంగోలు చెంతనున్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు ముసల్మానులై శ్రీరంగమున స్థిరపడి, నాదస్వరముతో దేశమునెల్ల మెప్పించి 1999లో కీర్తిశేషులైరి. వారి పేరు మనకు దక్కినది. అట్టివారి చెంత నిలువదగిన వారెందఱు "పల్లె బాజా" యను రెండు మాటలక్రింద పూడిపోయిరో!

ఇట్టి పాటలను కూర్చువారిని మేము నిరుత్సాహపఱుపము. అది మంచి పని. ఇంటిలోని పిల్లలకు చెవి తెఱపించు పని. కాని కొన్ని నియమములు పాటింపవలయును. మూలమును మొదట వినిపించి మారుపాటను పిమ్మట వినిపింపుడు. లేనిచో భేదము తెలియదు. ఒక్కసారి నవ్వించి యూరకుండు దానిని, పదిసార్లు పిలుచు దానిని వేఱుచేయుడు. వాయించినవారి పేరు, ఊరు, గురువు, రికార్డు చేసిన దినము వ్రాసికొనుడు. ఆడుబిడ్డలు తమకు నచ్చిన వాద్యము నడిగినపుడు, అది వీణయే కానక్కఱలేదు, సన్నాయియైనను నేర్పింపుడు.

మఱునాటి యుదయమున పందిటిలో సన్నాయి వాయించుచున్న వృద్ధునియొద్దకు మా మిత్రుడు కాగితము తీసికొని పోయెను. బాలికయు వెంట పోయెను. ఆతడు తన పేరును, తన తండ్రి పేరును, తనకు విద్య చెప్పిన మేనమామ పేరును చెప్పి, ఇన్ని పెండ్లిండ్లలో వాయించితినిగాని ఈ మాట నన్నడిగినవారు లేరనెను. నాటి మధ్యాహ్నము మొదటి బంతిలో ఆతనికి విస్తరి వేసిరి. పేటికలో ఆ యొక్క గడి నిండినది. తక్కిన గడులు నింపుట మన చదువరుల చేతిలో నున్నది.