నత్తకు పేరు పెట్టే పనితనం

నత్తకు పేరు పెట్టడం కూడా ఒక పనేనా అనేవారు న్యూజీలాండ్ బురదనత్తను చూడాలి. సాధారణంగా అర సెంటీమీటరు అటూఇటూ ఉంటుంది. దీనికి 1843లో గ్రే అనే ఆంగ్ల శాస్త్రవేత్త పేరు పెట్టాడు. 1889లో ఎడ్గార్ స్మిత్ అనే మరో శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లో థేమ్స్ ముఖద్వారం దగ్గర దొరికిన ఇవే నత్తల్ని కొత్త జాతి అనుకుని హైడ్రోబియా జెంకిన్సి అన్నాడు. పొరపాటు అతని కళ్లది కాదు, గుల్లది: ఒకచోట నున్నగా, మరోచోట ముళ్లతో ఉంటుంది. పైగా ఐరోపాలో దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి కనుక ఒక్కో వంశం అచ్చుగుద్దినట్టు ఒకే పోలికతో సాగి, వేరే జాతే అనిపిస్తుంది.

పేర్లు మార్చడమే ఈ పేర్లు పెట్టే శాస్త్రవేత్తల వ్యాపకమన్న నింద ఉంది. చదివేవారికి చికాకే, కాదనను. కానీ గ్రే నత్త, స్మిత్ నత్త రెండూ ఒకటేనని 1988లో విన్‌స్టన్ పాండర్ వ్యాసం ఖాయం చేశాక, ముందు పెట్టిన పేరే చెల్లాలన్న నియమంతో గ్రే పెట్టిన ‘ఆంటిపొడారం’ నిలిచి, నత్త పేరు పొటమోపిర్గస్ ఆంటిపొడారం అయింది. దాంతో ఐరోపా నత్తకు పుట్టిల్లు దొరికింది. దాన్ని అదుపులో పెట్టే పరాన్నజీవుల్ని ఎక్కడ వెతకాలో తెలిసింది. డీఎన్ఏ ఉండగా ఇంత కుస్తీ ఎందుకంటారా? డీఎన్ఏ రెండు నత్తల తేడా చెబుతుంది గానీ, ఏ పేరు ఏ నత్తదో చెప్పదు. అది తేలాలంటే మొదటి వర్ణనకు ఆధారమైన గుల్ల దగ్గరికే, మ్యూజియం సొరుగులోకే, మళ్లీ వెళ్లాలి.